మూడో వరుస

మామయ్య గారికి,

వందనాలు. మీరూ మీ మోకాలూ క్షేమమని తలుస్తాను. ఆరాధన ముగియగానే నేను చూసే రెండో సంఘానికి బస్సు అందుకోవాలి గనుక, ఎదురుగా చెప్పే తీరిక లేక ఇలా రాస్తున్నాను.

మన చర్చిలో అంతా అలవాటు కొద్దీ నడిచిపోతోంది. పోయిన ఆదివారం నేను ప్రార్థన మరిచిపోయి ఊరికే గొంతు సవరించుకున్నాను. అందరూ ఆమెన్ అన్నారు. మీరు అందరికంటే గట్టిగా అన్నారు. రెండు రోజులు నాకు తిండి సహించలేదు. అందుకని వచ్చే నెల మొదటి ఆదివారం నుంచి వరుస మార్చేస్తున్నాను. మీరు సంఘంలో పెద్దవారు, పైగా ఆ చర్చికి పని చేసిన చెయ్యి మీది. మీరు సరే అంటే ఇంకెవరూ కిక్కురుమనరు.

మీ అల్లుడు,
పాస్టరు

తా.క.: పాత వరుసలో సగం మంది నిద్రపోతున్నారు. మొహమాటం కొద్దీ ఇన్నాళ్ళూ అనలేదు.

*

అల్లుడికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం చదివి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. రెండోసారీ అలాగే ఉంది. ముఖం చూసి మాట్లాడితే నోరు జారతానని నేనూ రాస్తున్నాను.

నాయనా, అటు పదకొండు, ఇటు పదకొండు బెంచీలు. అన్నీ నా రంపం కింద నుంచి వచ్చినవే. ఎడమవైపు మూడో వరుసలో నడవ పక్క చోటు నాది, దాని పక్కది మీ అత్తయ్యది. ముప్ఫై ఒక్క ఏళ్ళు అలాగే కూర్చున్నాం. ఆవిడ పోయిన ఈ నాలుగేళ్ళలో ఆ చోట ఎవర్నీ కూర్చోనివ్వలేదు, నేనూ కూర్చోలేదు. ప్రసంగం సాగినంతసేపూ ఆవిడ ముందు బెంచీ వీపుకున్న పుస్తకాల పలకని బొటనవేలితో రుద్దేది. పాలిష్ పోయి అక్కడ చిన్న గుంట పడింది. చెయ్యి చాపి ఆ గుంటలో వేలు పెట్టుకుంటే తప్ప నాకు ఆదివారం అయినట్టుండదు. ఆ వరుస కదిపితే నేనెక్కడికి పోవాలి?

ఇక నిద్ర సంగతి. మాలో నిద్రపోయేది రిటైరైన బస్సు డ్రైవరొక్కడే. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆపుకున్న నిద్ర అది, ఏ వరుసలో వేసినా పోతాడు.

వరుసకి నీ మామయ్య

తా.క.: నేను కళ్ళు మూసుకునేది వాక్యం మీద ధ్యానం నిలవడానికి. గురక డ్రైవరుది.

*

మామయ్య గారికి,

వందనాలు. మీ ఉత్తరం కిక్కిరిసిన బస్సులో నిలబడి చదివాను. పాత వరుసతో అత్తయ్యగారి జ్ఞాపకం ముడిపడి ఉందని తెలిసి మనసు కలుక్కుమంది. కానీ భయపడకండి, మార్పు చాలా చిన్నది. చివర ఉన్నదాన్ని మొదటికి తెస్తాను, మొదటిది చివరికి పోతుంది. మధ్యలో ఒకటి బొత్తిగా పనికిరానిది ఉంది, దాన్ని తీసేస్తాను. మూడోది మాత్రం మరీ పొడుగు. సగానికి కోసేస్తాను.

ఈ మాట కార్యదర్శిగారికి చెబితే, "ముప్ఫై ఏళ్ళుగా అది నాది" అని అలిగారు. మీరైనా ఆయనకి నచ్చజెప్పండి.

మీ అల్లుడు,
పాస్టరు

తా.క.: కోత నేనే చూసుకుంటాను. మీకు శ్రమ వద్దు.

*

పాస్టరు గారికి,

అయ్యా, మొన్నటిదాకా నువ్వు అన్నాను. ఇక నుంచి మీరు.

రంపం ఏ వైపు పట్టుకోవాలో తెలియని మీరు టేకు బెంచీ కోస్తారా? చిన్నప్పుడు పెన్సిలు చెక్కబోయి వేలు చెక్కుకుంటే కట్టు కట్టింది నేను. మూడోది తనదన్నాడా ఆ కార్యదర్శి? ఆయన కూర్చునేది కుడివైపు అయిదో వరుసలో, ఫ్యాను కింద. ఫ్యాను రెండుసార్లు మారింది గాని ఆయన మారలేదు. నా పెళ్ళాం చోటు ఆయనదెప్పుడయింది?

కనుక తెలియజేయునది ఏమనగా, ఈ శనివారం పొద్దున్నే చర్చికి వెళ్ళి ఇరవై రెండు బెంచీలనూ నాలుగంగుళాల మరలతో చెక్క నేలకి బిగించేశాను. మోకాలు మొరాయించింది, నేను వినలేదు. విప్పడానికి పట్టు దొరకకుండా మరల తలలు ఆకురాయితో అరగదీశాను. డ్రైవరు సాయానికొచ్చి, పనిముట్ల పెట్టె పట్టుకుని తొమ్మిదో బెంచీ దగ్గర నిద్రపోయాడు. ఇప్పుడు మార్చండి వరుస, చూస్తాను.

ఏ వరుసా లేని,
వడ్రంగి

తా.క.: మరలు నాలుగు మిగిలితే మీ కుర్చీ కూడా బిగించాను.

*

మామయ్య గారికి,

వందనాలు. మీ ఉత్తరం మంగళవారం అందింది. ఆదివారం కుర్చీ ముందుకు లాగబోతే నా నడుం ఎందుకు పట్టేసిందో అప్పుడు తెలిసింది. ఇది పడుకుని రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే అది మీ పుణ్యమే.

మామయ్యా, నేనన్నది బెంచీల వరుస కాదు. ఆరాధన వరుస. చివర ఉండే ప్రసంగం మొదటికి వచ్చింది. మొదటి పాట చివరికి పోయింది. తీసేసింది ప్రకటనలు, ఎలాగూ అవి గోడ మీద అంటించే ఉంటాయి. పొడుగ్గా ఉన్న మూడోది కార్యదర్శిగారి ప్రార్థన. మాట తేల్చి రాయకపోవడం నాదే తప్పు. అత్తయ్యగారి చోటు కోస్తానని మీరు వారాల తరబడి కుమిలిపోయారంటే నాకు ఏడుపొచ్చింది. మీకు ఇష్టం లేకపోతే పాత పద్ధతే పెట్టేస్తాను, నిజంగా చెబుతున్నాను.

ఒక్క సంగతి అడగాలి. ఆదివారం నడవ పక్కన మీ చోట ఎవరో చంటిబిడ్డ తల్లి కూర్చుంది. మీరు లోపలికి జరిగి ఉన్నారు. ప్రార్థనకి వంచిన తల ఆశీర్వచనం అయ్యాక కూడా ఎత్తలేదు. బస్సు వేళయి మీ దగ్గరికి రాలేకపోయాను. ఏమైంది?

మీ అల్లుడు,
పాస్టరు

తా.క.: తొమ్మిది కాకముందే చర్చి నిండిపోయింది చూశారా? మార్పు మహిమ అని మురిసిపోయాను.

*

అల్లుడికి,

ఆశీస్సులు. మళ్ళీ నువ్వుకే వచ్చాను, గమనించు. ఆదివారం వస్తూనే నువ్వు ప్రసంగం ఎత్తుకున్నప్పుడే నాకు సగం వెలిగింది. మిగతా సగం నీ ఉత్తరంతో వెలిగింది. చాలా సిగ్గేసింది.

చర్చి నిండింది నీ మహిమ వల్ల కాదు. బెంచీలు కోసేస్తారట అని వారమంతా నేనే ఇంటింటికీ తిరిగి చెప్పాను. ఎవరి చోటు వాళ్ళు కాపాడుకోవాలని అందరూ వేళకి ముందే వచ్చి కూర్చున్నారు. ఆ అమ్మాయి బిడ్డనెత్తుకుని నడవలో నిలబడిపోయింది. ఖాళీగా ఉన్నది మీ అత్తయ్య చోటొక్కటే. అది ఇవ్వడానికి నాకు మనసొప్పలేదు. బిడ్డతల్లిని నిలబెట్టడానికీ ఒప్పలేదు. నా చోటు ఆమెకిచ్చి నేను అందులోకి జరిగాను.

నీ ప్రసంగం మొత్తం విన్నాను. మొదట్లోనే పెట్టావు గనుక నిద్ర, అదే, ధ్యానం ఇంకా పట్టలేదు. తర్వాత ప్రార్థనకి తల మోకాళ్ళ దాకా వంచితే పుస్తకాల పలక అడుగున గీతలు కనిపించాయి. ఆ చోట కూర్చుని తల వంచిన మనిషికి తప్ప కనబడవు. తలపిన్నుతో గీసినవి. నాలుగు నిలువు గీతలు, వాటి మీద ఒక అడ్డగీత, మళ్ళీ నాలుగు, మళ్ళీ అడ్డం. ఈ కొస నుంచి ఆ కొసకి అవే. ఏమిటివి అనుకుంటూ మూలకి చూస్తే ఆవిడ చేతిరాత, చిన్న అక్షరాలు: "ఈయన గురక."

ముప్ఫై ఒక్క ఏళ్ళు, అల్లుడూ. ఒక్కసారి కూడా మోచేత్తో పొడవలేదు. వారమంతా రంపం లాగిన మనిషి, పోనీలే అనుకుందేమో. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. అందుకే తల ఎత్తలేదు.

నీ కొత్త పద్ధతే కానియ్యి. నా చోట నేను అలాగే కూర్చుని ఉంటే డ్రైవరు మీద నింద వేస్తూనే చచ్చిపోయేవాణ్ణి. నిన్న వాడి ఇంటికి వెళ్ళి క్షమాపణ అడిగాను. సగంలో నిద్రపోయాడు. మరలన్నీ తీసేస్తాను, ముందు నీ కుర్చీవి. తలలు అరగదీసిన వెధవని నేనే గనుక నెల పడుతుంది. ఆ తర్వాత బెంచీలు ఎటు కావాలంటే అటు జరుపుకో.

మళ్ళీ వరుసకి నీ మామయ్య

తా.క.: ఆ గీతల వరుస మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు. చివరి గీత పక్కన నా పెన్సిలుతో ఒక సున్నా చుట్టొచ్చాను. మొన్న ఆదివారానిది.