టికెట్టు మీకు, షాపు నాకు

ఏమండీ, గోడౌనులో పనుండి ముందే వెళ్తున్నాను, మిమ్మల్ని లేపలేదు.

ఇమిగ్రేషన్ విమానం మారే ఊళ్ళోనే అయిపోతుంది, ఓడ ఎక్కే ఊళ్ళో కాదు. దిగగానే కనెక్షన్ల బోర్డు చూసుకుంటూ నడవండి. పెట్టె నేరుగా చివరి ఊరికే వస్తుంది, మధ్యలో దానికోసం కాచుక్కూర్చోకండి. తోటి డీలర్లు కబుర్లలో పడితే వాళ్ళకోసం ఆగకండి, విమానం మీకోసం ఆగదు. ఓడ బుకింగు కాగితం, తిరుగు టికెట్టు చేతిసంచిలో పెట్టాను. ఆఫీసరు అడిగినదానికే జవాబు చెప్పండి. షాపుకొచ్చినవాళ్ళకి రంగుల గురించి చెప్పినట్టు మొదలుపెట్టకండి.

నాకు ఒళ్ళు మండుతోంది, దాచుకోను. ఏడాదంతా పెయింటు డబ్బాలు అమ్మింది నేను. షాపు మీ పేరున ఉందని కంపెనీవాళ్ళు బహుమతిగా ఓడ షికారు టికెట్టు మీకిచ్చారు. "ఎవరు వెళ్తే ఏంటే, మనిద్దరం ఒకటేగా" అన్నారు మీరు. ఒకటే అయితే నన్నే పంపొచ్చుగా! సముద్రం ఫొటోలు పంపకండి, చూడను.

అన్నట్టు, నేను వెళ్తున్నది గోడౌనుకి కాదు, ఆడిటరు దగ్గరికి. షాపులో నన్ను భాగస్తురాలిగా చేర్చే కాగితాలు తెస్తున్నాను. ఎయిర్‌పోర్టుకి వెళ్తూ షాపు ముందు కారాపి సంతకం పెట్టండి. పాస్‌పోర్టు కోసం ఇల్లంతా వెతక్కండి, నా దగ్గరుంది.