గొంతు పోయిన పాట

సోమవారం, ఉదయం 7.00
ఇవాళ్టి నుంచి స్టీరియో వైర్ల జోలికి వెళ్లను. ఒట్టు. పాటలు వినడమే. మా ఆవిడ షరతు: మళ్ళీ వైర్లు కెలికితే ఆంప్లిఫైయరూ రెండు స్పీకర్లూ ఆదివారం తన తమ్ముడింటికి. ఒప్పుకున్నాను. పద్నాలుగేళ్ల సెట్టు, ప్రాణం పోయినా వదలను.

మంగళవారం, సాయంత్రం 6.15
ఎంత ప్రశాంతం! ఇన్నాళ్లూ పాట వదిలేసి వైరు విన్నానన్నమాట.
6.40. ఎడమ స్పీకర్ కాస్త నీరసంగా ఉందా? లేదు, నా భ్రమ.

బుధవారం
భ్రమ కాదు. స్క్రూ వదులైంది. బిగించడం కెలకడం కిందికి రాదు. పైగా వాడింది కూరగాయల కత్తి.

గురువారం
వైర్లు మరీ సన్నం. ఆవిడ బజారుకెళ్లగానే లావువి వేయడం మొదలుపెట్టాను. పని సగంలో గేటు చప్పుడు. గోడకీ బీరువాకీ మధ్య ఇరుక్కుని ఉన్నాను. చేతికందినవి కలిపి చుట్టేసి బయటపడ్డాను.
"మోకాళ్లకి ఆ దుమ్మేంటి?"
"ధ్యానం."

శుక్రవారం
పాటలో గొంతు లేదు. వయొలిన్లున్నాయి, గిటారుంది, పాడే మనిషి మాయం. వేరే పాటలోనూ అంతే. గోరుచుట్టు మీద రోకటిపోటు, ఆవిడకి రెండ్రోజులు సెలవట. బీరువా వెనక్కి వెళ్లే దారి లేదు.

శనివారం
వంటింట్లోంచి "పాట పెట్టండి" అంది. తప్పక పెట్టాను. పల్లవి చోట వయొలిన్లే. దొరికిపోయానని కళ్లు మూసుకున్నాను. అంతలో గొంతు వినిపించింది. ఆవిడే పాడుతోంది, గరిటె పట్టుకుని. పెళ్లైన కొత్తలో పాడేది. స్పీకర్లు పరీక్షిస్తూ నేనే "ఉష్, వినపడట్లేదు" అంటూ మాన్పించాను. సిగ్గేసింది.

ఆదివారం
బావమరిది అట్టపెట్టెతో దిగాడు. ధ్యానం సంగతి నమ్మక ఆవిడ గురువారమే ఫోన్ చేసిందట. బీరువా జరిపి చూశాడు.
"రెండు స్పీకర్ల మైనస్ వైర్లూ కలిపి చుట్టేసి, ఆంప్లిఫైయర్‌కి తగిలించడం మర్చిపోయావు బావా. అందుకే రెండు వైపులా సమానంగా వచ్చే గొంతు రద్దైపోయి, ఒక్కో వైపు వేరుగా వచ్చే వాయిద్యాలే మిగిలాయి. చిటికెలో సరిచేస్తా."
ఆవిడ అడ్డం నిలబడింది. "ముట్టుకోకు. సెట్టు ఇక్కడే ఉంటుంది." నాకేసి తిరిగింది. "మీరు గానీ బాగుచేశారో, ఆ పెట్టెలో మిమ్మల్ని పంపిస్తా."

సోమవారం, ఉదయం 7.00
ఇవాళ్టి నుంచి వైర్ల జోలికి వెళ్లను. ఈసారి నిజంగానే ఒట్టు.
7.10. నిన్న జరిపిన బీరువా అలాగే ఉంది, మైనస్ వైరు కళ్లెదుటే వేలాడుతోంది. తప్పు. చేతులు దురద పెడుతున్నాయి.
7.12. చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. ఆవిడ రెండో చరణం ఎత్తుకుంది.