మా వై-ఫై, వదిన ఫోన్

జూన్ 22, ఆదివారం

వదిన ఈ ఇంటికి వచ్చి నెల దాటింది. ఇవాళ అన్నం తింటూ తన కొత్త ఫోన్ నా వైపు తిప్పింది. మా వై-ఫై పేరు కింద చిన్న అక్షరాల్లో — వీక్ సెక్యూరిటీ.

"వచ్చిన కాణ్ణుంచి గిట్లనే చూపిస్తున్నది రజితా. నీకు చెప్దామనుకున్న."

నా ఫోన్‌లో అలా రాదు. రాదనే చెప్పాను. నాయన అందుకున్నాడు — "కోడలు ఖమ్మంల పాలిటెక్నిక్ చదివింది గదనే. జర చూడనియ్యి."

చూడనివ్వను. చండ్రుగొండ ఆన్‌లైన్ సెంటర్‌లో పనికి చేరి, నా మొదటి జీతంతో పెట్టించిన కనెక్షన్ ఇది. అన్న ఏడో తరగతితో బడి ఆపి ట్రాక్టర్ ఎక్కాడు. ఈ ఇంట్లో పది దాటిన మొదటి మనిషిని నేను. నెల కిందటి దాకా.

జూన్ 23

కారణం దొరికిందనుకున్నాను. మా గూడేనికి టవర్ అందదు. సాయంత్రమైతే వాడంతా ఫోన్లు పట్టుకుని మా అరుగు మీదే. పాస్‌వర్డ్‌ను నాయన నా చేతే గోడ మీద సుద్దతో రాయించాడు — "దూపకు నీళ్లడిగితే ఇయ్యమా? ఇది గూడ గంతే."

అందరూ చదివే పాస్‌వర్డ్ — భద్రత ఎక్కడుంటుంది? తడిగుడ్డతో తుడిచేశాను. కొత్తది పెట్టాను, పన్నెండు అక్షరాలతో. ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

జూన్ 24

పక్కింటి ఎల్లమ్మ పెద్దమ్మ వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"ఏందే రజితా, గాలికి గూడ తాళమేసినవంట? హాస్టల్ల మా పిల్ల నా మొఖం కోసం ఎదురుచూడవట్టె. దొరసానివైతివా?"

నాయన తల వంచుకున్నాడు. పెద్దమ్మ ఫోన్ తీసుకుని కొత్త పాస్‌వర్డ్ నేనే కొట్టి ఇచ్చాను. తర్వాత అందరికీ.

ఇంతా చేస్తే వదిన ఫోన్‌లో హెచ్చరిక అలాగే ఉంది. మెల్లగా అంది — "పాస్‌వర్డ్‌ది గాదేమో రజితా. రౌటర్ లోపటి సెట్టింగే పాతదేమో."

ఆ మెల్లగా అనడమే నాకు పడదు.

జూన్ 25

అమ్మ బ్యాంకు మెసేజ్ వదినతో చదివించుకుంది. నేను పక్కనే ఉన్నాను.

జూన్ 26

సెంటర్‌లో మధ్యాహ్నమంతా ఆ హెచ్చరిక గురించే చదివాను. వదిన చెప్పిందే నిజం.

ఇంటికొచ్చి, వదిన వంటింట్లో ఉన్నప్పుడు, రౌటర్ అడుగున అంటించిన చీటీలో లాగిన్ చూసి సెట్టింగుల్లోకి వెళ్లాను. భద్రత రకాలు వరుసగా ఉన్నాయి — డబ్ల్యూపీఏ, డబ్ల్యూపీఏ టూ, డబ్ల్యూపీఏ త్రీ. అన్నిటికంటే కొత్తది త్రీ. త్రీ నొక్కాను. సేవ్.

జూన్ 26, ఇంకో అరగంటకు

నా ఫోన్ వై-ఫై పట్టడం లేదు. నాయనది పట్టడం లేదు. అన్నది, ఎల్లమ్మ పెద్దమ్మది... ఏదీ. అన్నీ పాత ఫోన్లు, త్రీ వాటికి అర్థం కాదు. ఒక్క ఫోన్ మాత్రం చక్కగా పనిచేస్తోంది, హెచ్చరిక కూడా లేకుండా.

వదినది.

మళ్లీ రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్లాలన్నా వై-ఫై పట్టిన ఆ ఫోనే కావాలి. అరుగు మీద ఆరుగురు. ఇవాళ నెట్ రాదని చెప్పి పంపేశాను.

జూన్ 27

అడిగాను. వదినను అడగక తప్పలేదు. ఏం చేశావని కూడా అనలేదు. ఫోన్ తెరిచి నా చేతిలో పెట్టింది. "నువ్వే చెయ్యి." ఒక మాట అన్నా నాకు బాగుండేది — తిరిగి అనేదాన్ని.

డబ్ల్యూపీఏ టూ, పక్కన ఏఈఎస్ అని ఉన్నది ఎంచుకున్నాను. ఫోన్లన్నీ పట్టాయి. వదిన ఫోన్‌లో హెచ్చరిక కూడా పోయింది.

అరుగు మీద నుంచి నాయన గొంతు — "చూసిండ్రా! మా కోడలు రెండు నిమిషాలల్ల చేసింది."

"నేను గాదు మామా, రజిత చేసింది."

"అవ్? మంచిగ చేసినవ్ బిడ్డా."

తను చెప్పింది, నమ్మాడు. నేనే చెప్పుకుని ఉంటే?

జూన్ 29

రెండు రోజులుగా వదినకు ఎదురుపడకుండా తిరుగుతున్నాను. ఇవాళ పెరట్లో గిన్నెలు తోముతుంటే వచ్చి పక్కన కూర్చుంది.

"ఆ రౌటర్‌ల ఇంకా ఏమేముంటయో నాకు గూడ చూపియ్యవా?"

నిజంగా తెలియకే అడిగిందా? నా మీద జాలిపడి అడిగిందా? మొహం చూసినా తెలియలేదు.

చేతులు తడిగా ఉన్నాయన్నాను.

వదిన లేచి వెళ్లలేదు. ఒక గిన్నె తీసుకుని తోమడం మొదలుపెట్టింది.