మేకుకున్న రెండో తాడు

నీలిమా, కండెల కార్ఖానా నుంచి రాంగనే ముందుగాల అన్నం తిను. చుక్కకూర పప్పు గిన్నెల ఉన్నది. తిన్నంక, మేకుకు తగిలిచ్చిన రెండో తాడును ఈ కొస నుంచి ఆ కొస దాకా వేళ్లతోని తడిమి చూడు.

నిన్న నా తాడును నడిమిట్ల కోసినవని లొల్లి చేసిన. "చెట్లెక్కేటోన్ని నేనా, నువ్వా?" అన్న. పొద్దున పారేద్దామని తీసి, నువ్వు కోసిన కాడ పురి విప్పి చూసిన. పైకి మంచిగనే ఉన్నది గని, లోపలి పోగులు పిండి లెక్క రాలినయి. ఇరవై ఏండ్ల సంది చెట్లు కొడుతున్న, నాకు కనబడలే. నూలు కండెలు చుట్టే నీ వేళ్లకు దొరికింది.

ఇప్పుడు అంజూర్ ఫాటాకు పోతున్న. ఆడ అన్నీ చిన్న కొమ్మలే, నిచ్చెనకు అందుతయి. నార్పోలిల బట్ట నేసే సాంచాల షెడ్డు మీదికి వంగిన చింతకొమ్మకు మాత్రం తాడుతోనే ఎక్కాలె. నాలుగింటికి ఇంటికొచ్చి ఆ రెండో తాడు తీస్కపోత. పొద్దుగాలనే రమ్మని ఆ షెడ్డు సేటు ఫోన్ల తొందరపెట్టిండు. "మా ఉస్తాద్ తాడు చూసేదాక ఎక్క" అన్న. "నీకు ఉస్తాద్ ఎవడు?" అన్నడు. "ఇంట్ల ఉంటది" అన్న.

గంగాధర్

ఇంకోటి. ఏడ అనుమానమొస్తె ఆడ కొయ్యి, నన్ను అడగకు. కత్తి పదును పెట్టి తాడు కిందనే పెట్టిన.