పేరు చెప్పకూడని మనవరాలు

ఏమండీ,

మీరు వెళ్లి నిన్నటికి ఏడాది. ఈ గల్ఫ్ ఊళ్లో, వాడి కబీర్ అనే పేటలోని మన అబ్బాయి ఫ్లాట్‌లోనే జ్ఞాపకార్థ కూడిక పెట్టాం. నిన్న శుక్రవారం, కింది వర్క్‌షాపుకు సెలవు కాబట్టి ప్రార్థన వినబడింది. ప్రసంగం మీకు నచ్చేది కాదు, బిర్యానీ నచ్చేది.

అసలు వార్త వేరే. ఇంగ్లండులో మన అమ్మాయి సునీత ఒక ఆరేళ్ల పిల్లను పెంచుతోంది. కన్నవాళ్ల దగ్గర ఉండలేని పిల్లల బాధ్యత అక్కడ కౌన్సిల్‌ది, అంటే మన మునిసిపాలిటీ లాంటిది. పిల్లను ఉంచడానికి తమ దగ్గర ఇల్లు దొరక్కపోతే విడిగా ఉండే ఏజెన్సీలను అడుగుతారట. పిల్లను పెంచేందుకు సునీత అలాంటి ఏజెన్సీలోనే చేరింది. సునీత ఎలాంటిదో తెలుసుకోవాలని వాళ్లు నాకూ ఫోన్ చేసి గంటసేపు ప్రశ్నలు వేశారు. మన పెళ్లికి మా నాన్న మిమ్మల్ని అన్ని అడగలేదు.

మిషన్ హాస్టల్లో పెరిగిన మీరుంటే, ఆ పిల్ల ఏం తింటోందని రోజూ అడిగేవారు. పప్పన్నం తింటోంది. ఆవకాయను మాత్రం దూరం నుంచే చూస్తోంది.

కూడికలో మనవల పేర్లు చెప్పి ఆశీర్వదిస్తారు కదా, అబ్బాయి పిల్లలిద్దరివీ అయ్యాయి. ఫోనులో చూస్తున్న సునీత, "అమ్మా, దీన్ని కూడా" అంది.

"పేరేంటమ్మా?" అన్నారు పాస్టరు గారు.

"బయట చెప్పకూడదండీ, ఇక్కడి రూలు."

"పేరు లేకుండా ఎలాగమ్మా?"

"దేవుడికి తెలుసులెండి, మీరు కానివ్వండి" అన్నాను నేను.

ఆయన కానిచ్చారు.

వచ్చే ఏడాదికి ఆ పిల్ల సునీత దగ్గర ఉంటుందో, కన్నతల్లి దగ్గరికి వెళ్తుందో కోర్టు చెప్పాలి. నా మాట మాత్రం మారదు. ఎవరడిగినా మీకు ముగ్గురు మనవలు.