మూర్తి గారి మెత్తటి ట్రిగ్గర్

శనివారం, హామిల్టన్

కీళ్లవాతంతో వేలు వంగక, ప్లాంట్‌లో నాతో పనిచేసిన స్నేహితుడు మూర్తి గారు రైఫిల్‌కి మెత్తగా కదిలే కొత్త ట్రిగ్గర్ వేయించుకున్నారు. ఈరోజు షూటింగ్ రేంజ్‌లో నొక్కితే రైఫిల్ పేలకుండా క్లిక్‌మని ఊరుకుంది. ఆలస్యంగా పేలుతుందేమోనని గొట్టం టార్గెట్ వైపే ఉంచి ఆగాం. తీసి చూస్తే తూటా అడుగున, పేలడానికి పడాల్సిన సొట్ట లోతుగా పడలేదు.

“తూటాలు పాతవేమోనండీ,” అన్నారు మూర్తి గారు ఆశగా.

కొత్త పెట్టె విప్పినా అంతే. ట్రిగ్గర్‌తో వచ్చిన మెత్తటి స్ప్రింగ్ వల్ల లోపలి సుత్తి దెబ్బకి బలం చాలడం లేదు. పాత గట్టి స్ప్రింగ్ వేసి నేను కాలిస్తే అన్నీ పేలాయి. ఆయన వేళ్లు మార్చి మార్చి నొక్కారు. ట్రిగ్గర్ కదల్లేదు.

“బాగైపోయింది కదండీ. ఇక మీరే కాల్చుకోండి,” అన్నారాయన.

నాకూ ఈమధ్య పొద్దున్నే వేళ్లు బిగుస్తున్నాయి...

తప్పు తూటాలదేనని వదిలేసి ఉంటే, వచ్చే శనివారం కూడా ఆయన వచ్చేవారు.