ఎవరబ్బాయివని అడగకండి

బందరు,
జూలై, 2005

జగన్మోహనరావు మావయ్యగారికి నమస్కారాలు.

నాన్నగారి స్నేహితులన్న చనువుతో రాస్తున్నాను. మత్తు ఇంజెక్షన్లు చేసుకునేవాళ్ళు ఒకరి సూది ఒకరు వాడి ఎయిడ్స్ తెచ్చుకోకూడదని, మా సంస్థ అడగ్గానే బందరు, పామర్రు మందుల షాపుల వాళ్ళలాగే మీరూ గుడివాడలో కొత్త సూదులు ఇస్తున్నారు. ఆ మేలు మరిచిపోను. కానీ ఇచ్చేముందు "ఏ ఊరు బాబూ? ఎవరబ్బాయివి?" అంటున్నారట.

మన వైపు ఎవరైనా అడిగేదే, తప్పని కాదండీ. కానీ ఆ మాటకే నిన్న ముగ్గురు సూదులు తీసుకోకుండా వెళ్ళిపోయి, బస్టాండు వెనక ఒకే పాత సూది పంచుకున్నారట. వినగానే ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. ఫోన్ చేద్దామంటే షాపులో మీ పక్కన ఎవరో ఒకరుంటారు.

ఇంకో మాట. ఆ ముగ్గురిలో మా తమ్ముడు హేమంత్ ఉన్నాడేమోనని నా భయం. ఇంట్లో చెప్పకుండా గుడివాడ వచ్చేశాడు. మీరు వాణ్ణి చిన్నప్పుడెప్పుడో చూశారు. ఇప్పుడు అచ్చం నాన్నగారే, ఆ నుదురూ, ఆ నడకా. మళ్ళీ వస్తే చూడగానే గుర్తుపడతారు.

మావయ్యగారూ, దయచేసి గుర్తుపట్టకండి. ఎవరికో ఇచ్చినట్టే ఇచ్చి పంపించండి.

ఇట్లు,
హేమంత్ వాళ్ళక్క